ఎత్తులో పనికి సేఫ్టీ బెల్టు: ఎంపిక నుంచి తీసివేత దాకా సమగ్ర మార్గదర్శి

బెంగళూరులో సర్జాపుర రోడ్డు మీదైనా, వైట్‌ఫీల్డ్‌లోనైనా, హెబ్బాళ వైపైనా ఏదో ఒక పెద్ద కట్టడం గేటు దగ్గర ఉదయం ఎనిమిది గంటలకు నిలబడితే, లోపలికి వెళ్లే మనుషుల భుజాల మీద సేఫ్టీ బెల్టులు కనిపిస్తాయి. వాళ్లలో కదిరి, మదనపల్లె, హిందూపురం, ఆదోని, పాలమూరు వైపుల నుంచి వచ్చిన మనవాళ్లు చాలామంది ఉంటారు. అదే మనుషులను పది గంటలకు పన్నెండో అంతస్తులో చూస్తే బెల్టు ఒంటి మీదే ఉంటుంది, కానీ చాలాసార్లు దాని తాడు వెనక తోకలా వేలాడుతూ ఉంటుంది, లేదా హుక్కు తిరిగి అదే బెల్టు పట్టీకి తగిలించి ఉంటుంది. సైటు సేఫ్టీ పనిలో ఉన్న నాకు ఈ దృశ్యం కనబడని వారం లేదు. బెల్టు వేసుకోవడం వేరు, ఆ బెల్టు మనిషిని పడకుండా ఆపడం వేరు. ఆ రెండింటికీ మధ్య చేయవలసిన పనులను కారణాలతో సహా వరుసగా చెప్పాలని ఇది రాస్తున్నాను. సెంట్రింగ్, పరంజా, పెయింటింగ్, ప్లంబింగ్, గ్లాసు బిగింపు పనులు చేసేవారికీ, వారిని పైకి పంపే మేస్త్రీలకూ, సూపర్‌వైజర్లకూ ఇది ఉద్దేశించినది.

బెల్టు కంటే ముందు

బెల్టు చివరి రక్షణ. అది పడకుండా చేసేది కాదు, పడ్డాక ఆపేది. అందువల్ల పని మొదలుపెట్టే ముందు వేసుకోవలసిన మొదటి ప్రశ్న, ఈ పని పైన చేయక తప్పదా అన్నది. రెయిలింగు ముక్కలను కిందనే వెల్డింగ్ చేసి పైకి ఎత్తగలిగితే, పైన గడిపే నాలుగు గంటలు అరగంటకు తగ్గుతాయి. పైకి వెళ్లక తప్పనప్పుడు స్లాబు అంచున సుమారు మీటరు ఎత్తున గట్టి అడ్డపైపు, దాని కింద మరో పైపు, అడుగున వస్తువులు జారకుండా పలక కట్టించాలి. డక్టులకూ, లిఫ్టు గుంతలకూ, స్లాబులో వదిలిన కన్నాలకూ కదలకుండా బిగించిన మూత ఉండాలి. సిమెంటు బస్తా గుడ్డ కప్పిన కన్నం తెరిచి ఉన్న కన్నం కంటే ప్రమాదకరం, ఎందుకంటే తెరిచి ఉన్నదైతే కనీసం కంటికి కనిపిస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా అంచు దగ్గరికి పోవలసి వస్తే, వీలైనచోట తాడు పొడవును మనిషి అంచు దాకా పోలేనంతగా కుదించాలి. వెనక గోడకు తగిలించిన తాడు అంచుకు అడుగు దూరంలోనే బిగుసుకుంటే పడటమన్న మాటే రాదు. పడేవాణ్ని ఆపే ఏర్పాటు కంటే పడనివ్వని ఈ ఏర్పాటే ఎప్పుడూ మేలు. ఇది సాధ్యం కాని పనుల గురించే ఇక మీదట చెప్పబోయేదంతా.

ఏది కొనాలి

నడుముకు మాత్రమే కట్టుకునే పాత రకం బెల్టును పడటాన్ని ఆపడానికి వాడకూడదు. పడుతున్న శరీరాన్ని ఒక్క పట్టీ నడుము దగ్గర ఆపితే ఆ దెబ్బంతా పొట్ట మీదా వెన్నెముక మీదా పడుతుంది, మనిషి మధ్యకు మడత పడతాడు, తలకిందులైతే పట్టీలోంచి జారిపోయే అవకాశమూ ఉంది. ఈ కారణాలతోనే అమెరికాలో 1998 జనవరి 1 నుంచి పడేవారిని ఆపే పనికి నడుము బెల్టు వాడకాన్ని నిషేధించారు. కావలసింది భుజాలనూ, ఛాతీనీ, తొడలనూ పట్టి ఉంచే ఫుల్ బాడీ హార్నెస్. మన సైట్లలో దీన్ని కూడా బెల్టు అనే అంటారు కనుక నేనూ అదే మాట వాడుతున్నాను.

ఎస్‌జేపీ రోడ్డు దుకాణాల్లో వరుసగా వేలాడదీసిన బెల్టులు చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. తేడా లేబుల్‌లో ఉంటుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 3521 గానీ, యూరప్ ప్రమాణం ఈఎన్ 361 గానీ, తయారైన నెల, సంవత్సరం, సీరియల్ నంబరు, ఎంత బరువు మనిషికి పనికివస్తుందో, ఇవన్నీ చదవడానికి వీలుగా ఉండాలి. చాలా బెల్టులు 100 కిలోల వరకే పరీక్షించినవి. ఆ బరువులో మనిషి ఒక్కడే కాదు, అతని నడుముకు కట్టుకున్న పనిముట్లు కూడా లెక్కే. లేబుల్ లేని బెల్టును ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.

బెల్టు ఎంత ముఖ్యమో దాని తాడు, అంటే లాన్యార్డ్, అంతే ముఖ్యం. పడేవారిని ఆపే పనికి షాక్ అబ్జార్బర్ ఉన్న రెండు హుక్కుల లాన్యార్డ్ తీసుకోవాలి. చిన్న సంచిలా కనిపించే ఆ అబ్జార్బర్‌లో పట్టీని మడతలు పెట్టి కుట్టి ఉంచుతారు. మనిషి పడినప్పుడు ఆ కుట్లు ఒకటొకటిగా తెగుతూ పట్టీ విచ్చుకుని దెబ్బను మింగుతుంది. ఈఎన్ 355 ప్రమాణం ప్రకారం ఆపేటప్పుడు పడే బలం 6 కిలోన్యూటన్లు దాటకూడదు, అంటే సుమారు 600 కిలోల బరువు ఒక్క క్షణం లాగినంత. అబ్జార్బర్ లేని ఉట్టి తాడుతో అంతే ఎత్తు నుంచి పడితే ఆ బలం దీన్ని బాగా మించిపోతుంది. తాడు తెగకపోయినా లోపల మనిషి తట్టుకోలేడు.

హెల్మెట్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎత్తులో గడ్డం పట్టీ లేని హెల్మెట్ ఉన్నా లేనట్టే, పడే మొదటి క్షణంలోనే అది తలను వదిలేస్తుంది. ఎండ కోసం తలకు తువ్వాలు చుట్టి దాని మీద హెల్మెట్ పెట్టుకోవడం మనవాళ్లలో ఎక్కువ. పెంకుకూ తలకూ మధ్య ఉండే ఖాళీయే దెబ్బను తీసుకునేది, తువ్వాలు ఆ ఖాళీని నింపేస్తుంది, పైగా హెల్మెట్ తలకు కూర్చోదు. మెడకు ఎండ తగలకుండా హెల్మెట్ వెనక కట్టుకునే గుడ్డ దొరుకుతుంది, అది వాడవచ్చు. కాళ్లకు చెప్పులు వద్దు, అడుగు జారని బూట్లు కావాలి. చేతి తొడుగులు హుక్కు నాలుకను నొక్కగలిగేంత పలుచగా ఉండాలి.

ఎక్కే ముందు చేత్తో చేసే పరీక్ష

ప్రతి రోజూ పైకి వెళ్లే ముందు ఎవరి బెల్టును వారే పరీక్షించుకోవాలి. మూడు నాలుగు నిమిషాల కంటే పట్టదు. నేను కొత్తవారికి నేర్పేటప్పుడు ముందు తొడుగులు తీసేయమంటాను, కళ్లకు కనిపించని నష్టం వేళ్లకు తెలుస్తుంది. పట్టీని రెండు చేతులతో జానెడు దూరంలో పట్టుకుని తిరగేసిన యూ ఆకారంలో వంచాలి. అలా వంచినప్పుడు పైకి తేలిన భాగంలో తెగిన దారాలుంటే నూగులా లేచి నిలబడతాయి. అలా జానెడు జానెడు జరుపుతూ మొత్తం పట్టీని చూడాలి. వెల్డింగ్ రవ్వ పడిన చోట పట్టీ నల్లబడి, వేలితో రాస్తే గట్టిగా గాజుముక్కలా తగులుతుంది, అక్కడ నారలు కరిగి అతుక్కుపోయాయని అర్థం. సిమెంటు పాలు పడి ఆరిన చోట పట్టీ బిరుసెక్కి వంచితే పొడి రాలుతుంది. ఆ పొడిలోని గరుకు లోపలి నారలను కోస్తుంది, సిమెంటులోని క్షారం పాలియెస్టర్‌ను మెల్లగా తినేస్తుంది. ఎండలో నెలల తరబడి ఉన్న పట్టీ రంగు వెలిసి, పట్టుకుంటే ఎండుగడ్డిలా పెళుసుగా అనిపిస్తుంది.

తరువాత కుట్లు చూడాలి. మంచి తయారీలో కుట్టు దారం రంగు పట్టీ రంగుకు వేరుగా ఉంటుంది, ఒక్క కుట్టు తెగినా కనిపించాలనే అలా చేస్తారు. వీపు మీద ఉండే, తాడు తగిలించే డీ ఆకారపు రింగు, అంటే డీ రింగు, వంగిందా, తుప్పు పట్టిందా, పగులుందా చూడాలి. బకిళ్లు మూసి గట్టిగా లాగి చూడాలి. హుక్కు నాలుకను నొక్కి వదిలితే దానంతటది టక్కున మూసుకుని లాక్ పడాలి. ఇసుక చేరి సగంలో ఆగిపోయే నాలుకను చేత్తో తోసి మూసుకుంటూ పని నడిపేవారు ఉన్నారు, ఆ హుక్కును ఆ రోజే పక్కన పెట్టాలి. చివరగా అబ్జార్బర్ సంచి చిరిగిందా, లోపలి మడత కొంచెమైనా బయటికి వచ్చిందా చూడాలి. వచ్చి ఉంటే ఆ తాడు ఇప్పటికే ఒకసారి ఎవరినో ఆపిందని అనుకోవాలి, దాన్ని ఇక వాడకూడదు.

ఇది రోజువారీ పరీక్ష మాత్రమే. తెలిసినవారు కనీసం సంవత్సరానికి ఒకసారి ప్రతి బెల్టునూ సీరియల్ నంబరుతో రిజిస్టరులో రాసి విడిగా పరీక్షించాలి. మన సైట్ల దుమ్ములో, ఎండలో మూడు నెలలకొకసారి చేయించడం మంచిదని నా అభిప్రాయం.

తొడుక్కునే పద్ధతి

చిక్కుపడిన బెల్టును చూసి విసుగుపడేవారికి ఒక సులువుంది. వీపు డీ రింగును పట్టుకుని బెల్టును పైకెత్తి ఒకసారి దులపాలి, పట్టీలన్నీ వాటంతటవే కిందికి జారి భుజాల భాగం పైకీ తొడల భాగం కిందికీ వస్తాయి. చొక్కా తొడుక్కున్నట్టు భుజాల పట్టీలను వేసుకోవాలి. తరువాత కాళ్ల మధ్య నుంచి తొడ పట్టీలను ఒకదానికొకటి మెలిక పడకుండా తెచ్చి బకిళ్లు పెట్టాలి. ఆ తరువాతే ఛాతీ పట్టీ. ఛాతీ పట్టీ రొమ్ము మధ్యకు రావాలి. మెడ దగ్గరికి వస్తే పడినప్పుడు గొంతుకు బిగుసుకుంటుంది, పొట్ట దగ్గరికి దిగితే భుజాల పట్టీలు పక్కలకు జారి మనిషి బయటికి వచ్చేస్తాడు.

డీ రింగు సరిగ్గా రెండు రెక్కల ఎముకల మధ్య ఉండాలి. ఇది మనకు మనం చూసుకోలేనిది కనుక పక్కవారి చేత చూపించుకోవాలి, వారిది మనం చూడాలి. రింగు నడుము దగ్గరికి జారి ఉంటే పడినప్పుడు మనిషి ముందుకు వంగిపోయి వేలాడతాడు. బిగుతు విషయంలో కొలత ఇది: తొడ పట్టీ కింద చదునుగా పెట్టిన అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. మిగిలిన పట్టీ కొనలను వాటి చుట్లలో దూర్చాలి, వేలాడే కొన పైపుకో కడ్డీకో చిక్కి మనిషిని లాగేస్తుంది.

తొడ పట్టీలు వదులుగా ఉంచుకునే అలవాటు ఎక్కువగా కనిపిస్తుంది, వంగి లేవడానికి ఇబ్బంది అంటారు. వదులు పట్టీతో పడితే ఆగే క్షణంలో ఆ పట్టీ గజ్జల్లోకి ఎంత బలంతో ఎక్కుతుందో చెప్పవలసిన పని లేదు. అందుకే కొత్తవారిని నేల నుంచి అడుగు ఎత్తున ఒకసారి బెల్టుతో వేలాడదీసి చూపిస్తాను. రెండు నిమిషాలు అలా వేలాడినవారు మళ్లీ పట్టీ వదులు చేయగా నేను చూడలేదు.

హుక్కు ఎక్కడ తగిలించాలి

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఒకసారి 14వ అంతస్తు డక్టులో పైపులకు క్లాంపులు కొడుతున్న ఒక కుర్రవాడిని హుక్కు తగిలించావా అని అడిగాను. తగిలించినాననే అన్నాడు, నిజంగానే తగిలించి ఉంది. కానీ అది అప్పుడే బిగించిన పీవీసీ పైపు క్లాంపుకు తగిలించి ఉంది. నేను చెయ్యి పెట్టి లాగితే క్లాంపు స్క్రూ గోడలోంచి ఎర్రటి ఇటుక పొడి రాలుస్తూ బయటికి వచ్చింది. “నేను తగిలించినాను కదన్నా” అన్నాడు, గొంతు ఎండిపోయి. ఆ కుర్రవాడి తప్పేమీ లేదు. హుక్కు తగిలించమని అందరూ చెప్పారు, ఎక్కడ తగిలించాలో ఒక్కరూ చూపించలేదు. ఆ చూపించవలసినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ మధ్యాహ్నం నుంచి మా సైటులో ప్రతి అంతస్తులోనూ తగిలించే చోట్లను ముందే గుర్తించి పసుపు రంగు వేయించడం మొదలుపెట్టాం. పసుపు లేని చోట హుక్కు వేయకూడదు, పసుపు లేకపోతే సూపర్‌వైజరును పిలవాలి. అన్ని భాషలవాళ్లకూ అర్థమయ్యే గుర్తు అదొక్కటే అని తరువాత తెలిసింది, ఎందుకంటే ఇక్కడ ఒకే గ్యాంగులో తెలుగు, కన్నడ, హిందీ, బెంగాలీ మాట్లాడేవారు కలిసి పనిచేస్తారు.

తగిలించే చోటు ఎంత బలంగా ఉండాలంటే, అమెరికా నిబంధన ఒక్కో మనిషికి 22 కిలోన్యూటన్ల పైచిలుకు అడుగుతుంది, అంటే రెండు టన్నులకు మించి. ఒక కారును అక్కడ వేలాడదీస్తే ఆగుతుందా అని మనసులో అడిగి చూసుకోవడం సైటులో పనికొచ్చే పద్ధతి. కాంక్రీటు స్తంభం చుట్టూ వేసిన పట్టీ స్లింగు, స్లాబు దూలం, గట్టిగా బోల్టులు బిగించిన ఉక్కు దూలం, ఇంజనీరు లెక్క కట్టి పరీక్షించి బిగించిన ఐ బోల్టు, ఇవి పనికివస్తాయి. కిటికీ ఫ్రేము, వాననీటి పైపు, కేబుల్ ట్రే, అర ఇటుక పిట్టగోడ, రెయిలింగు, కాంక్రీటు పోయని స్తంభం నుంచి లేచిన ఒంటి కడ్డీ, ఇవి పనికిరావు. పరంజా పైపుల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. కట్టడానికి గట్టిగా కట్టి, ఇంజనీరు ఒప్పుకున్న పరంజాలో చూపించిన చోట మాత్రమే తగిలించవచ్చు. కట్టు పూర్తి కాని పరంజాకు తగిలించుకున్నవారు పడితే పరంజా కూడా వారితో వస్తుంది.

చోటు ఎంత బలమైనదన్నది ఎంత ముఖ్యమో, అది ఎంత ఎత్తున ఉందన్నదీ అంతే ముఖ్యం. రెండు మీటర్ల తాడును తలపైన తగిలించుకుంటే పడే దూరం చాలా తక్కువ. అదే తాడును వీపు రింగు ఎత్తున తగిలిస్తే రెండు మీటర్లు పడ్డాక గానీ తాడు బిగుసుకోదు, అప్పటికి వేగం గంటకు 22 కిలోమీటర్లు దాటుతుంది. కాళ్ల దగ్గర తగిలిస్తే మూడున్నర మీటర్లు పడి, గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో ఆగవలసి వస్తుంది. ఇదంతా ఒక్క సెకను లోపల జరిగిపోతుంది, పడుతూ ఏదో ఒకటి పట్టుకోవచ్చుననే ఆశకు అందులో చోటు లేదు. కాబట్టి తలపైన వీలైతే తలపైనే, లేకపోతే భుజాల ఎత్తున, కాళ్ల దగ్గర మాత్రం వద్దు.

చోటు మనిషికి నేరుగా పైన ఉండాలి. పక్కకు బాగా జరిగి పనిచేస్తూ పడితే శరీరం గడియారం లోలకంలా ఊగి స్తంభానికో గోడకో కొట్టుకుంటుంది. అలా పక్కకు కొట్టుకునే దెబ్బ కింద పడే దెబ్బకు తీసిపోదు. పని పక్కకు జరిగితే హుక్కు కూడా జరగాలి.

అడ్డంగా కట్టే లైఫ్ లైన్, అంటే రెండు చివరలా కట్టి హుక్కులు తగిలించుకునే తాడు, గురించి ఒక మాట వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని గ్యాంగులే తమకు తోచినట్టు కట్టేస్తుంటారు. ఇంట్లో బట్టలు ఆరేసే తాడును ఎంత బిగించి కట్టినా మధ్యలో తడి దుప్పటి వేస్తే చివరి మేకులు ఊడి రావడం అందరూ చూసే ఉంటారు. బరువు దుప్పటిదే, కానీ బిగువు తాడులో ఆ బరువు చివరలకు ఎన్నో రెట్లుగా చేరుతుంది. లెక్క ప్రకారం, ఆపే బలం 6 కిలోన్యూటన్లయితే, ఆ క్షణంలో లైను అడ్డానికి 15 డిగ్రీలు కుంగినప్పుడు ఒక్కో చివర మీద దాదాపు 12, 5 డిగ్రీలే కుంగినప్పుడు 34 కిలోన్యూటన్లు పడుతుంది. బిగించిన కొద్దీ బలమనుకోవడం పొరపాటు. పైగా ఒక లైనుకు ఇద్దరు తగిలించుకుంటే ఒకరు పడినప్పుడు లైను ఊపుకు రెండో మనిషి కూడా పడే ప్రమాదం ఉంది. అడ్డ లైఫ్ లైనును తెలిసిన ఇంజనీరు లెక్క కట్టి, ఎంతమందికో రాసిపెట్టిన తరువాతే వాడాలి.

కింద ఎంత ఖాళీ కావాలి

ఈ లెక్క తెలియకపోవడం వల్ల అన్నీ సరిగా చేసినవారు కూడా నేలను తాకుతారు. రెండు మీటర్ల తాడు, అబ్జార్బర్ విచ్చుకుంటే అత్యధికంగా 1.75 మీటర్లు, వీపు రింగు నుంచి పాదాల వరకు ఒకటిన్నర మీటర్లు, పట్టీల సాగుదలకూ జాగ్రత్తకూ ఒక మీటరు, మొత్తం 6.25 మీటర్లు. హుక్కు తగిలించిన చోటు నుంచి కిందికి ఇంత ఖాళీ ఉండాలి. మూడు మీటర్ల ఎత్తున్న అంతస్తుల్లో ఇది రెండంతస్తుల పైమాటే. హుక్కు వీపు రింగు ఎత్తున ఉంటే పాదాల కింద 4.75 మీటర్లు కావాలి. మూడు మీటర్ల పరంజా మీద ఈ తాడుతో పనిచేసేవారు పడితే తాడు పని పూర్తయ్యే లోపలే నేల వచ్చేస్తుంది. కింద నేల కాకపోయినా, మధ్యలో బయటికి పొడుచుకొచ్చిన ఛజ్జా, కడ్డీల కొనలు, నిలబెట్టిన లారీ, ఏది అడ్డుగా ఉన్నా లెక్క అక్కడికే.

అలాంటి తక్కువ ఎత్తుల్లో తలపైన బిగించిన రిట్రాక్టబుల్ బ్లాకు వాడాలి. కారు సీటు బెల్టులా అది తాడును తనలోకి లాక్కుంటూ ఉంటుంది, ఒక్కసారిగా లాగితే లాక్ పడుతుంది, పడే దూరం బాగా తగ్గుతుంది. దాన్ని కాళ్ల ఎత్తున తగిలించకూడదు, పదునైన స్లాబు అంచు మీదుగా పోనివ్వకూడదు, తయారీదారు అలా వాడవచ్చని రాసి ఉంటే తప్ప. తాడు పొడవు తగ్గించుకోవడానికి ముడి వేసుకోవడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు, ముడి పడిన చోట తాడు బలం సగానికి పడిపోవచ్చు.

కదిలేటప్పుడు

రెండు హుక్కులు ఇచ్చేది ఒకటి చెడితే ఇంకొకటి ఉంటుందని కాదు. ముందు హుక్కు కొత్త చోట తగిలించి, లాక్ పడిన చప్పుడు విని, ఒకసారి లాగి చూసి, ఆ తరువాతే వెనక హుక్కు తీయాలి. ఏ క్షణంలోనూ రెండూ గాలిలో ఉండకూడదు. వాడని హుక్కును తొడ పట్టీకో భుజం పట్టీకో తగిలించవద్దు. మనిషి పడినప్పుడు రెండో పాయ అబ్జార్బర్‌ను విచ్చుకోనివ్వకుండా అడ్డుపడుతుంది. దానికని బెల్టు మీదే తేలికగా ఊడివచ్చే చిన్న చోటు ఉంటుంది, అక్కడ పెట్టాలి. పొడవైన నిలువు నిచ్చెన ఎక్కేటప్పుడు, పైనుంచి వేలాడే నిలువు తాడుకు ఫాల్ గ్రాబర్, అంటే మనతో పాటు జరుగుతూ పడితే తాడును బిగించి పట్టుకునే పరికరం, తగిలించుకుంటే రెండు చేతులూ నిచ్చెనకే ఉంటాయి. గ్రాబర్ మీద పైకి అని బాణం గుర్తు ఉంటుంది, తలకిందులుగా తగిలిస్తే అది పట్టదు.

“పది నిమిషాల పనికి ఇదంతా ఎందుకన్నా” అనే మాట నేను ఎక్కువగా వినేది ఈ దశలోనే. పని పది నిమిషాలదే కావచ్చు, ఎత్తు మాత్రం పది నిమిషాలకని తగ్గదు.

పనిముట్లకు కూడా తాడు కట్టాలి. 30 మీటర్ల పైనుంచి జారిన సుత్తి నేలను చేరేసరికి గంటకు దాదాపు 87 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. కింద పనిచేసేవారి హెల్మెట్ దాన్ని తట్టుకోవడానికి చేసినది కాదు. పైన పని జరుగుతున్నంతసేపు కింద తాడు కట్టి ఎవరూ రాకుండా చూడాలి.

గాలి, వాన, ఒంటి పరిస్థితి

బెంగళూరులో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలు చూస్తూ చూస్తూ మబ్బు కమ్ముకుని, మామిడి జల్లులకు ముందు ఈదురుగాలి లేస్తుంది. షట్టరింగ్ ప్లైవుడ్డు షీటు చేతిలో ఉన్నవారికి ఆ గాలి తెరచాపలా తగులుతుంది. ఉరుము వినిపిస్తే పని ఆపి దిగాలి. తడిసిన పైపుల మీద మళ్లీ ఎక్కడానికి తొందర పడకూడదు.

మూర్ఛ, కళ్లు తిరగడం, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారిని వైద్య పరీక్ష లేకుండా ఎత్తుకు పంపరాదు. మద్యం తాగినవారిని పంపరాదన్నది వేరే చెప్పనక్కరలేదు. కానీ సంక్రాంతికో ఉగాదికో ఊరెళ్లి, రాత్రంతా బస్సులో కూర్చుని ప్రయాణం చేసి, తెల్లవారి నేరుగా సైటుకు వచ్చినవారి సంగతి ఎవరూ పట్టించుకోరు. నిద్ర లేని మనిషిని ఆ పూట కింద పనికి పెట్టడం మేస్త్రీ చేతిలో ఉన్న పని, దానికి అతని కూలి తగ్గించకూడదు. తగ్గిస్తే రేపటి నుంచి నిద్ర లేదని ఎవరూ చెప్పరు.

వేలాడుతున్న మనిషిని దించడం

బెల్టు ఆపింది, మనిషి బతికి ఉన్నాడు, అక్కడితో పని అయిపోలేదు. కదలకుండా బెల్టులో వేలాడే మనిషికి తొడ పట్టీల ఒత్తిడి వల్లా, కాళ్లు కదపకపోవడం వల్లా రక్తం కాళ్లలో నిలిచిపోయి గుండెకూ మెదడుకూ అందడం తగ్గుతుంది. కొందరికి నిమిషాల్లోనే కళ్లు తిరిగి స్పృహ తప్పుతుంది. స్పృహ తప్పిన మనిషి తల వాలిపోతే ఊపిరి కూడా అందకపోవచ్చు. కాబట్టి దించడానికి ఉన్న సమయాన్ని నిమిషాల్లోనే లెక్కించుకోవాలి. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌ను దాటుకుని ఎవరో వచ్చి దించుతారని కూర్చుంటే ఆ సమయం దాటిపోతుంది. 108కి వెంటనే ఫోన్ చేయాలి, కానీ దించడం మాత్రం సైటులో ఉన్నవారే చేయాలి.

అందుకు పని మొదలవక ముందే మూడు విషయాలు తేల్చుకోవాలి: దించేది ఎవరు, దేనితో, ఏ దారిన. ఒంటరిగా ఎవరినీ ఎత్తులో పని చేయనివ్వకూడదు, కేక వేస్తే వినబడే దూరంలో మరో మనిషి ఉండాలి. బూమ్ లిఫ్టు చేరగలిగే చోటైతే దాని తాళం, నడిపేవారు సైటులోనే ఉండాలి. చేరలేని చోటైతే కప్పీ తాడుతో వచ్చే రెస్క్యూ కిట్ ఆ అంతస్తులోనే ఉండాలి, స్టోరు గదిలో తాళం వేసి కాదు. దించేవారు కూడా బెల్టు వేసుకుని, తమ హుక్కు తగిలించుకున్నాకే అంచు దగ్గరికి వెళ్లాలి. కంగారులో రెండో మనిషి పడిపోవడం ఇలాంటి వేళల్లోనే జరుగుతుంది. 80 కిలోల ఇసుక బస్తాకు పాత బెల్టు తొడిగి వేలాడదీసి, దించడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం పెట్టి చూస్తే మీ ఏర్పాటు నిజంగా ఏపాటిదో తెలిసిపోతుంది. మేము మొదటిసారి చేసినప్పుడు కిట్ సంచి జిప్పు తుప్పు పట్టి రాలేదు.

వేలాడుతున్నవారు స్పృహలో ఉంటే ధైర్యం చెబుతూ కాళ్లు ఆడిస్తూ ఉండమనాలి, మోకాళ్లు పైకి లాక్కోమనాలి. మంచి బెల్టులకు రెండు పక్కలా చిన్న సంచుల్లో రిలీఫ్ స్ట్రాప్ వస్తుంది. దాన్ని ఉచ్చులా కలిపి అందులో పాదాలు పెట్టి నిలబడితే తొడల మీద భారం తగ్గుతుంది, రక్తం తిరుగుతుంది. దించాక ఆ మనిషిని పడుకోబెట్టకూడదు, కూర్చోబెట్టాలి అని కొన్నేళ్ల కిందటి వరకు నేర్పేవారు. బ్రిటన్ భద్రతా సంస్థ 2009లో వెలువరించిన సమీక్షలో ఆ సలహాకు ఆధారం లేదని తేలింది. మామూలు ప్రథమ చికిత్సలాగే వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి అందుతున్నదా చూసి, పట్టీలు వదులు చేయాలి. వెన్నుకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే అటూ ఇటూ కదపకూడదు. పైకి బాగానే ఉన్నాడనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లి తీరాలి, ఎంతసేపు వేలాడాడో అక్కడ చెప్పాలి.

దాచడం, తీసివేయడం

సాయంత్రం బెల్టును రేకుల షెడ్డు బయట మేకుకు తగిలించి వదిలేయవద్దు, ఎండా వానా రెండూ దాన్ని తింటాయి. సిమెంటు అంటుకుంటే అదే రోజు మామూలు నీళ్లతో, కొద్దిగా తేలికపాటి సబ్బుతో కడిగి నీడలో ఆరనివ్వాలి. బ్లీచింగ్ పౌడరు, థిన్నరు, పెట్రోలు తగలకూడదు. బెల్టు మీద పేరు రాసుకోవాలనుకునేవారు పట్టీ మీద మార్కరుతోనో పెయింటుతోనో రాయవద్దు, లేబుల్ దగ్గర కట్టిన ట్యాగు మీద రాసుకోవాలి. వాడకానికి గడువు ఎన్నేళ్లో తయారీదారు ఇచ్చిన కాగితంలో ఉంటుంది, చూడటానికి బాగున్నా గడువు దాటితే తీసేయాలి. ఒక్కసారి మనిషిని ఆపిన బెల్టు, దాని తాడు, గడువు ఉన్నా సరే తీసేయవలసినవే.

తీసేసిన బెల్టును స్క్రాపులో అలాగే పడేయకూడదు. చెత్తలోంచి ఏరిన బెల్టును కడిగి వంద రెండు వందలకు అమ్మడం, పక్క వీధిలో మూడంతస్తుల ఇల్లు కట్టే చిన్న మేస్త్రీ దాన్ని కొని తన మనిషికి తొడగడం నేను చూశాను. అందుకే భుజాల పట్టీలను రెండు చోట్ల, తొడ పట్టీలను రెండు చోట్ల కత్తెరతో అడ్డంగా కోయాలి, అబ్జార్బర్‌ను తాడు నుంచి వేరు చేయాలి, హుక్కు నాలుకను సుత్తితో వంచేయాలి. లేబుల్ కోసి తీసి, సీరియల్ నంబరుకు ఎదురుగా తేదీ, కారణం రాసి రిజిస్టరులో అంటించి సంతకం పెట్టాలి.